మా బావ ఇంటి వేపు

మొన్న రాత్రి ఎనిమిదింటికి పచ్చటి నిప్పుముద్ద ఒకటి కోనసీమ ఆకాశాన్ని గీసుకుంటూ పోయింది. ఉన్నది నాలుగైదు సెకన్లు. అది ఎన్ని ఊళ్ళలో పడిందో తెలియాలంటే మాత్రం పొద్దున్నే మా కాలువ గట్టు మీది టీ కొట్టుకి రావాలి.

మామిడికుదురు ఆయన తన కొబ్బరితోట వెనకే పడిందన్నాడు. అల్లవరం ఆయన ఒప్పుకోలేదు. పడింది వాళ్ళ రొయ్యల చెరువులోనట, నీళ్ళు చుయ్యిమన్నాయట. రాజోలు నుంచి వచ్చిన కొత్తల్లుడు వాళ్ళ ఊళ్ళో రెండు పడ్డాయన్నాడు. అల్లుడుగారు కదా, ఎవరూ కాదనలేదు.

"ఏ దిక్కు నుంచి వచ్చిందండీ?" అన్నాను.

"మా బావ ఇంటి వేపు నుంచండీ."

"ఎంత ఎత్తున?"

"రెండు కొబ్బరిచెట్లంత."

అయ్యా, ఈ ఉల్కలు వెలగడం మొదలయ్యేదే ఎనభై, వంద కిలోమీటర్ల పైన. అమలాపురం నుంచి రాజమండ్రి కూడా అంత దూరం లేదు. అందుకే రాజోల్లో చూసినా కాకినాడలో చూసినా పక్క తోటలోకే దిగినట్టుంటుంది. అంతర్జాతీయ ఉల్కా సంస్థ వాళ్ళ ఫారం ఎవరైనా నింపొచ్చు. ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆరింది, ఎన్ని సెకన్లు, చప్పుడు ఎంతసేపటికి వచ్చింది అని అడుగుతారు. వేర్వేరు ఊళ్ళ వాళ్ళు సరిగ్గా చెబితే దారి గీసేయొచ్చు. బావ ఇంటికి అందులో గడి లేదు.

నేనూ బాధ్యత గల పౌరుణ్ణి కాబట్టి ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. "నష్టం ఏమైనా జరిగిందా?" అన్నారు. లేదన్నాను. "మరి ఏం రాసుకోమంటారు?" అని పెట్టేశారు.

మామిడికుదురు ఆయన మాటకి నేనూ నవ్వాను గానీ, నగరం అనే ఊరు ఉన్నది ఆయన మండలంలోనే. ఇక్కడ రాత్రిపూట ఆకాశం వెలిగితే చుక్కలు కాదు, గ్యాసు పైపు గుర్తొస్తుంది. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. వాసన వస్తోందని ఊరివాళ్ళు ముందే మొత్తుకున్నారని అప్పుడు పత్రికలు రాశాయి. చెప్పినప్పుడు ఎవడు రాసుకున్నాడు? నష్టం జరిగాక రాసుకోవడానికి శవాల లెక్క తప్ప ఇంకేం మిగులుతుందయ్యా!

అంతసేపూ నోరెత్తని టీ కొట్టాయన అప్పుడన్నాడు: "లాకుల పక్క తాటిచెట్టు నెత్తిన మొదలై సెల్ టవర్‌కి కుడిపక్క ఆరిందండి. గ్లాసు టీ రెండుసార్లు తిరగబోసేంత సేపు."

పొయ్యి దగ్గర ఆయన నిలబడ్డ చోటే నిలబడి, చెయ్యి చాచి, పిడికిలికి పది డిగ్రీల చొప్పున తాటిచెట్టు నుంచి టవర్ దాకా ఆకాశాన్ని కొలవడం మొదలెట్టాను. మూడో పిడికిలి దగ్గర ఉండగా, వాళ్ళ ఊళ్ళో ఇంకోటి కూడా పడిందని అల్లుడుగారికి గుర్తొచ్చింది.