మోకరిల్లిన ఛాన్సలర్

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో యాన్ వాన్ ఐక్ 1435 ప్రాంతంలో వేసిన చిత్రం ఒకటి ఉంది. పొడవు, వెడల్పు రెండూ ముప్పావు మీటరు లోపే. అందులో బర్గండీ ఛాన్సలర్ (ఆ డ్యూక్ కొలువులో ప్రధాన అధికారి) నికొలా రోలాఁ మరియ మాతకూ బాల యేసుకూ ఎదురుగా మోకరిల్లి ఉంటాడు. ఆనాటి చిత్రాల్లో దాత, అంటే చిత్రం వేయించినవాడి వెనుక సాధారణంగా ఒక పునీతుడు నిలబడి అతడి తరఫున విన్నవిస్తాడు. రోలాఁ వెనుక ఎవరూ లేరు. ఆకారంలోనూ అతడు మరియ మాతకు తీసిపోడు. ఎంత అహంకారమని చూసినవారు అనుకోవడంలో తప్పులేదు.

అయితే ఆ రంగుల అడుగున ఇంకో సంగతి ఉంది. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో, మొదట గీసుకున్న రేఖల్లో రోలాఁ నడుముకు పెద్ద డబ్బుసంచి కనిపించింది. రంగులు వేసేసరికి అది మాయమైంది. ఆ ఆలోచన చిత్రకారుడిదైనా, దాతదైనా, అందులో నాకు కనిపించేది జంకు.

దాతల చిత్రాలను గొప్పలు చాటుకోవడంగానే చూస్తే వాటిలోని భయం మన కంటపడదు. చనిపోయాక ఆత్మ ఉత్తరించు స్థలంలో యాతన పడుతుందనీ, బతికున్నవారి ప్రార్థనలు ఆ యాతనను తగ్గిస్తాయనీ వారు గట్టిగా నమ్మారు. బెల్జియంలోని గెంట్‌లో 1432లో పూర్తయిన బలిపీఠ చిత్రానికి తెరిచి మూసే పలకల తలుపులున్నాయి. వాటి మీద మోకరిల్లిన యోస్ వైడ్, ఎలిజబెత్ బోర్లూట్ దంపతులకు సంతానం లేదు. తమ కోసం ఆ చిత్రం ఉన్న ప్రార్థనామందిరంలో రోజూ దివ్యపూజ జరగాలని 1435లో నిధి ఏర్పాటు చేశారు. బొమ్మ, పూజ రెండూ కలిస్తేనే వారి ఏర్పాటు పూర్తవుతుంది. మ్యూజియం గోడ మీద వేలాడే దాతల చిత్రాల్లో మనకు మిగిలింది బొమ్మ ఒక్కటే.

రోలాఁనే మరో చోట చూడండి. 1443లో అతడు, భార్య గిగోన్ ద సాలాఁ కలిసి ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో పేదలకు ఆసుపత్రి స్థాపించారు. పేదల మంచాలు వేసిన పెద్ద హాలు చివరనే ప్రార్థనామందిరం ఉంది. అక్కడి బలిపీఠం కోసం రోజియర్ వాన్ డెర్ వేడెన్ చేత అంతిమ తీర్పు చిత్రం వేయించారు. మామూలు రోజుల్లో దాని తలుపులు మూసి ఉండేవి. వాటి బయటివైపు ఆ దంపతులు మోకరిల్లి, బూడిదరంగు శిల్పాల్లా చిత్రించిన పునీత సెబాస్టియన్‌కూ పునీత అంతోనికీ మొక్కుతుంటారు. మంచం పట్టిన పేదవాడి కళ్ల ఎదుట ఉన్నది చేతులు జోడించిన ఛాన్సలర్. తన కోసం ప్రార్థించమని అతడు ఆ పేదవాడినే అడుగుతున్నాడు.

ఆదివారాల్లో, పండుగల్లో తలుపులు తెరిచేవారు. అప్పుడు దాతల బొమ్మలు వెనక్కి మళ్లిపోయేవి. ఎదుట ప్రధాన దూత మిఖాయేలు త్రాసు పట్టుకుని నిలిచేవాడు. ఆ త్రాసులో కిందికి దిగింది పాపాల తట్ట.