పురుగుల లెక్క చెప్పండి

ఏటా మఖ కార్తె వచ్చేసరికి ఉమ్మడి వరంగల్ పల్లెల్లో పలకరింపు మారిపోతుంది. నిన్నటిదాకా ‘నాట్లయినయా’ అని అడిగిన నోళ్లే ‘కణాలెన్ని ఉన్నయి’ అని అడుగుతాయి. మూడు రోజులు జరం ఉంటే చాలు, డెంగీ భయం, రక్తపరీక్ష, చీటీ మీద ప్లేట్‌లెట్ల అంకె, ఆ అంకె పట్టుకొని ఇంటిల్లిపాదికీ టెన్షన్. లక్షా ఇరవై వేలంటే స్థిమితపడతారు. డెబ్బై వేలంటే హన్మకొండకు బండి మాట్లాడతారు, దారిలో బొప్పాయి ఆకు కోసం వాడకట్టంతా వెతుకుతారు. బడి గడప తొక్కని అవ్వ కూడా ఇవాళ ప్లేట్‌లెట్ అనే మాట తడబడకుండా పలుకుతుంది. లెక్కల మీద ఇంత పట్టింపు ఉన్న జనానికి చూపించాల్సిన అసలు లెక్క ఇంకొకటుంది. దాన్ని ఎవరూ బయట పెట్టడం లేదు.

ముందు ఈ కణాల సంగతి. డెంగీలో అవి తగ్గడం మామూలే. చాలామందిలో జ్వరం దిగిన కొద్ది రోజులకు వాటంతటవే పెరుగుతాయి. ఎక్కడా రక్తం కారనప్పుడు, లెక్క పది వేలకు పైన ఉంటే ముందు జాగ్రత్త పేరుతో ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ప్రాణం మీదికి తెచ్చేది వేరే ఉంది. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోయి బీపీ పడిపోవడం అసలు గండం. అదీ జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, దిగిపోతున్నప్పుడు, సుమారు మూడో రోజుకూ ఏడో రోజుకూ నడుమ వస్తుంది. ఒళ్లు చల్లబడింది కదా అని ఇంట్లోవాళ్లు కాసింత గంజి తాగించి పత్తి చేనుకు పోయే వేళ అది. కడుపులో వదలని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, పిలిస్తే పలకనంత మబ్బుగా పడి ఉండటం. వీటిలో ఒక్కటి కనిపించినా కొత్త చీటీ కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి చేర్చాలి.

ఊరి ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. రాత్రి పదింటికి తలుపు తడితే పలికేది ఆయనొక్కడే అన్నది కూడా నిజం. కానీ ఒళ్లునొప్పులకని వేసే డైక్లోఫెనాక్ సూది డెంగీ రోగికి రక్తస్రావం ముప్పును పెంచుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. జ్వరానికి పారాసిటమాల్, ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకోవడం, డాక్టర్ కనిపెట్టి ఉండటం, ఈ జబ్బుకు ఉన్న వైద్యం ఇంతే. వైరస్‌ను చంపే మందు లేదు. ‘పోయినేడు వచ్చింది, ఇక రాదులే’ అనే ధీమా కూడా పనికిరాదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి పోతే ఆ ఒక్కదాని నుంచే కలకాలం రక్షణ. రెండోసారి వేరే రకం తగిలితే జబ్బు మరింత ముదిరే ప్రమాదం ఉంటుంది.

ఇక సర్కారు లెక్క. ప్రైవేటు ల్యాబులో పావుగంటలో తేలే కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చినా, ఎలైజా అనే పెద్ద ల్యాబు రక్తపరీక్షలో తేలితేనే అది డెంగీ కేసుగా రాస్తారు. శాస్త్రపరంగా ఇందులో తప్పు లేదు, కార్డు పరీక్షలు పొరపడతాయి. మరి ఎలైజాకు నమూనా పంపని కేసు ఎక్కడ చేరుతుంది? ‘విషజ్వరాలు’ అనే గోనెసంచిలో పడుతుంది. అందుకే ఊళ్లో ఇంటికొకరు మంచం పట్టినా కాగితం మీద అంకె చిన్నగానే కనిపిస్తుంది. ఆ గోనెసంచి పేరును శీర్షికల్లో మేమూ ఏళ్లుగా వాడుతూనే ఉన్నాం. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వార్డులో ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలు పడుకున్న ఫొటో మొదటి పేజీలో వేస్తాం. ఆ ఫొటో వచ్చేనాటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

ఆలస్యం కాని లెక్క పెరట్లో ఉంది. సిమెంటు గోలెం దగ్గరికి పోయి ఎండ పడేలా ఒక్క నిమిషం నిలబడితే తెలుస్తుంది. నీళ్లు తేటగానే ఉంటాయి. మురికి ఉన్న చోట కాదు, ఇలాంటి నీళ్లున్న చోటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. మన నీడ పడగానే పైన వేలాడుతున్న సన్నని పురుగులు, అంటే దోమ లార్వాలు, మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి. కాసేపాగితే ఊపిరి కోసం మళ్లీ పైకి వస్తాయి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికొక శుక్రవారం నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పాటించమనడంలో ఉన్న మతలబు ఇదే. అయితే ప్రచారంలో ఎవరూ గట్టిగా చెప్పని మాట ఒకటుంది. ఈ దోమ గుడ్లను నీళ్లలో వదలదు, నీటి గీతకు కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. గోలెం ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పురుగులవుతాయి. బొక్కెనతో నీళ్లు తోడి పారబోస్తే సరిపోదు. పీచు పెట్టి గోడను రుద్దాలి. ఎండాకాలం పోగానే మూలకు నెట్టిన కూలర్‌కూ ఇదే వర్తిస్తుంది.

జనం గోలెం నింపిపెట్టుకునేది సరదాకు కాదు. నల్లా ఎప్పుడొస్తుందో, ఎంతసేపు వస్తుందో నమ్మకం లేని వాడల్లో నిల్వ నీళ్లే ఆధారం. నీళ్లు రోజూ రానిచ్చి అప్పుడు గోలెం ఖాళీ చేయమనడం న్యాయం. ఇంటింటికీ సుద్దులు చెప్పే ముందు పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో నెలలుగా తుప్పు పడుతున్న బండ్ల టైర్లు, సర్కారు క్వార్టర్ల మీది మూత లేని ట్యాంకులు, సగంలో ఆగిన భవనాల సెల్లార్లు కూడా ఒకసారి చూసుకోవాలి.

ఫాగింగ్ సంగతి చెప్పక తప్పదు. సాయంత్రం పొగ బండి వాడలోకి రాగానే పిల్లలు వెంట పరుగెత్తుతారు, కార్పొరేటర్ ఫొటో దిగుతారు, అందరికీ ఏదో జరిగిందన్న తృప్తి. పొగ తగిలిన దోమలు చస్తాయి, నిజమే. పగలు కుట్టే ఈ దోమ అప్పటికి పరదాల వెనుక, మంచం కింద నక్కి ఉంటుంది. గోలెంలో పురుగులకు పొగతో పనే లేదు. జ్వరాలు ఎగబడిన చోట ఫాగింగ్ కొంత సాయపడవచ్చు గానీ, ఏడాది పొడవునా అదే పనిగా చూపించుకోవడం మాకు నచ్చడం లేదు.

దోమ మలేరియాను మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్ బేగంపేటలోనే. ఐదేళ్లకు నోబెల్ కూడా వచ్చింది. ఆ మలేరియా ఏటూరునాగారం, తాడ్వాయి, వాజేడు గూడేలను ఇంకా వదల్లేదు. అక్కడ దోమ వేరు, రాత్రి కుడుతుంది, దోమతెర పనిచేస్తుంది. వాగు పొంగి దారి తెగిన రోజు పరీక్ష కిట్, మాత్రలు ఆశా కార్యకర్త సంచిలో ముందే ఉండాలి. ఏజెన్సీకి ఇది వేరే పని, డెంగీ ప్రచారంలో కలిపేస్తే రెండూ చెడతాయి.

మేం అడిగేది ఒక్కటే. నూరు ఇళ్లు తిరిగితే ఎన్ని పాత్రల్లో పురుగులు కనిపించాయో చెప్పే అంకెను బ్రెటో ఇండెక్స్ అంటారు. ఆరోగ్య సిబ్బందికి ఇది కొత్త కాదు. ఈ దోమ పుట్టిన చోటి నుంచి నాలుగైదు వందల గజాలు దాటి పోవడం అరుదు కాబట్టి, వాడ అంకె ఆ వాడ ముప్పును దాదాపుగా చెప్పేస్తుంది. కొవిడ్ నాళ్లలో బులెటిన్ చదవడం నేర్చుకున్న జనానికి ఇదేమీ అర్థం కాని విద్య కాదు. గ్రేటర్ వరంగల్‌లోని 66 డివిజన్లకూ, ఆరు జిల్లాల పంచాయతీలకూ మృగశిర కార్తె నుంచే వారం వారం ఈ అంకెను ప్రకటించాలి. వార్డు ఆఫీసు, పంచాయతీ గోడల మీద రాయించాలి. ఈ ఏడు మృగశిర ఎటూ దాటిపోయింది. వచ్చే శుక్రవారం నుంచైనా లెక్క పంపండి. శనివారం జిల్లా పేజీలో, డివిజన్ల వారీగా, ఒక్క అంకె వదలకుండా మేం అచ్చువేస్తాం.