శనివారం పుట్టినవాళ్లకు పింఛను లేదు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, వారానికి ఇక ఆరు రోజులే. ఆదివారంతో మొదలై శుక్రవారంతో సరి. శనివారం ఎత్తేశారు. ఎత్తేసింది పార్లమెంటు కాదు, పంచాంగకర్తలూ కారు. వివరాలు నెలాఖరులోగా మళ్లీ నమోదు చేసుకోకపోతే పింఛను ఆగిపోతుందని మా మేనత్తకు మెసేజ్ పంపిన ఒక ఆఫీసు వెబ్‌సైటు. ఆ ఆఫీసు పేరు చెప్పను. మీ ఊళ్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది, ఆ పేరు పెట్టుకుని చదువుకోండి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మా ఫోన్లు వంటింట్లో ఉన్నంతసేపూ ఒడిశాలో ఉంటాయి, వీధరుగు మీదికి తెస్తే ఆంధ్రా టవరు పట్టుకుంటాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఫారంలో ఇంగ్లీషు. ఇన్ని గొడవల మధ్య బతుకుతున్నా వారానికి ఎన్ని రోజులన్న విషయంలో మాత్రం మాకు ఏ రాష్ట్రంతోనూ తగాదా లేదు. మొన్నటిదాకా.

మా అత్తయ్య 1951 జూలై 14న పుట్టింది. శనివారం. "శనివారం పుట్టినదాన్ని, నన్ను శనేటి సేస్తాడు?" అని అందరి ముందూ గొప్పగా చెప్పుకునేది. శని ఏమీ చేయలేదు. సైటు చేసింది.

ముందు సంతోషపడ్డ మాట నిజం. భాషల జాబితాలో తెలుగు ఉంది. నొక్కాం. వచ్చింది. కాకపోతే ఆ పెట్టెలూ బటన్లూ ఇంగ్లీషు అక్షరం ఎత్తుకు కొలిచి కోసినవి. ఇంగ్లీషు అక్షరానికి కింద వత్తులు వేలాడవు కదా. మా వత్తులన్నీ నడుం దగ్గర తెగిపోయాయి. "పుట్టిన తేదీ" కాస్తా "పుటిన తేదీ" అయింది. ఆ కింద "భర్త పేరు" అని ఉండాల్సిన చోట "భర పేరు" అని ఉంది.

"భర పేరేటిరా?" అంది అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుంటూ.

"భర్త అని, అత్తయ్యా. వత్తు కనబడటం లేదు."

"సరిగ్గానే రాసినారు. నలభై ఏళ్లు భరించినాను, ఆ పేరే రాయి."

వత్తు అంటే చిన్నచూపు ఉన్నవాళ్లకు ఒక్క సంగతి గుర్తు చేస్తాను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చింది మన "జ్ఞా". ఓ ప్రత్యేకమైన పద్ధతిలో రాసిన ఆ ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ పడిపోయేది. ఆపిల్ కంపెనీ హడావిడిగా 11.2.6 అని కొత్త అప్‌డేట్ విడుదల చేసి గండం గట్టెక్కింది. తెలుగు అక్షరానికి ఫోన్ అంత వెంటనే స్పందించడం చరిత్రలో అదే మొదలు.

సరే, పుట్టిన తేదీ. పెట్టె మీద నొక్కితే టైపు చేయనివ్వదు. క్యాలెండర్ తెరుచుకుంటుంది, ఈ నెల చూపిస్తుంది. వెనక్కి పోవడానికి ఎడమ పక్క బియ్యపు గింజంత బాణం. ఒక నొక్కుకు ఒక నెల. ఈ నెల నుంచి 1951 జూలైకి దగ్గర దగ్గర తొమ్మిది వందల నొక్కులు. ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని బొటనవేలితో నొక్కాలంటే బటన్ సుమారు 9.2 మిల్లీమీటర్లయినా ఉండాలని 2006లోనే పర్హి, కార్ల్‌సన్, బెడర్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు మనుషుల చేత నొక్కించి, కొలిచి మరీ చెప్పారు. మా బాణం అందులో మూడో వంతు లేదు. పైగా దాని పక్కనే "మూసివేయి" అనే ఇంటూ గుర్తు. వేలు కాస్త జారితే మళ్లీ ఈ నెలకు వచ్చి పడతాం. వైకుంఠపాళిలో పెద్ద పాము కూడా ఇంత దూరం కిందికి దించదు.

అత్తయ్య వేలుకైతే ఫోన్ అసలు పలకదు. పెళ్లికి ముందు పలాసలో ఉండగా, పెళ్లయ్యాక ఇంటి దగ్గరా జీడిపిక్కలు కొట్టిన చెయ్యి అది. జీడి తొక్క నూనె చర్మాన్ని ఎలా కాలుస్తుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. వేలికొనలు కాయలు కాసి నున్నగా అయిపోయాయి. అందుకని నొక్కే పని నాకు పడింది.

సాయంత్రం ఆరింటికి ప్రయాణం మొదలుపెట్టాం. అక్టోబరు వచ్చినప్పుడల్లా బండి ఆపాల్సి వచ్చింది. 2018 అక్టోబరు, తిత్లీ. "ఆగాగు, అప్పుడే గదా మన వంటిల్లు రేకులెగిరిపోనాయి!" 2014 అక్టోబరు, హుద్‌హుద్. 2013 అక్టోబరు, ఫైలిన్. పక్కింటివాళ్లు వచ్చి కూర్చున్నారు. 1999 అక్టోబరు చేరేసరికి అరుగు మీద పదిమంది, ఒక్కొక్కరిదీ ఒక్కో తుఫాను. అక్టోబరు అంటే చేతికి ఫోన్ ఇచ్చి పండగ అమ్మకాలు పెట్టుకునే నెల అని సైటు తయారు చేసినవాళ్లు అనుకుంటారు గానీ, మాకది పైకప్పు ఎటు పోయిందో వెతుక్కునే నెల. 1977 నవంబరు, దివిసీమ ఉప్పెన. ఎవరో "అయ్యో" అన్నారు. తెర మీద "సెషన్ ముగిసింది" అని వచ్చింది, అంటే సైటు మాకిచ్చిన టైము అయిపోయింది. ఈ నెలకు వచ్చి పడ్డాం.

రెండోసారి కబుర్లు నిషేధించాను. అయినా 1970 మే దగ్గర అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఏడో తారీకు ఏ వారం?" గురువారం. ఆవిడ మొహం వెలిగిపోయింది. తన పెళ్లి లక్ష్మీవారం జరిగిందని ఆవిడా, కాదు శుక్రవారమని తోటికోడలూ యాభై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారట. "పిలవండర్రా దాన్ని!" పిలిచేలోగా మళ్లీ సెషన్ ముగిసింది. తోటికోడలు వచ్చి చూసి, "ఏదీ, ఈ నెలుంది గదా" అని వెళ్లిపోయింది.

జాకబ్ నీల్సన్ అనే ఆయన 1993లో రాసిన లెక్క ఒకటుంది. పదో వంతు సెకనులో జవాబొస్తే మనిషికి వెంటనే వచ్చినట్టుంటుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే ధ్యాస పక్కకు పోతుంది. మా వీధిలో ఒక్కో నెల తెరుచుకోవడానికి రెండు సెకన్లు. తొమ్మిది వందల నొక్కులకు అరగంట. సెషన్ గడువు పాతిక నిమిషాలు. అంటే 1951లో పుట్టినవాళ్లు ఈ ఫారం నింపడం గణితశాస్త్రం ప్రకారమే అసాధ్యం. పింఛనేమో పుట్టి చాలా ఏళ్లయినవాళ్లకే ఇస్తారు.

మూడోసారి తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. బ్రహ్మముహూర్తంలో నెట్‌వర్క్ నిర్మలంగా ఉంటుంది. ఎవరూ మాట్లాడలేదు. తుఫానులన్నీ మౌనంగా దాటాం. 1951 జూలై వచ్చింది. ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర. అంతే. పదమూడు తర్వాత పదిహేను. తెర అక్కడితో అయిపోయింది. పక్కకు జరిపితే జరగదు. రెండు వేళ్లతో చిన్నది చేస్తే అవదు.

ఫోన్ అడ్డంగా తిప్పాను. శనివారం వచ్చింది! పద్నాలుగు నొక్కాను. ఇప్పుడు "సరే" అనే బటన్ కిందికి పోయి తెర బయట పడింది. నిలువుగా తిప్పాను, "సరే" వచ్చింది, పద్నాలుగు పోయింది. శనివారం కావాలంటే ఫోన్ పడుకోవాలి, అంగీకారం కావాలంటే లేచి నిలబడాలి. నేను తిప్పుతుంటే పక్కన అత్తయ్య కూడా మెడ తిప్పుతూ కూర్చుంది. చివరికి ఆవిడే ఉపాయం చెప్పింది. "పోనీ శుక్రవారం పుట్టినానని రాసేయ్."

తెల్లారాక భువనేశ్వర్‌లో ఎంటెక్ చదువుతున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడి ప్రాజెక్టే ఈ విషయం మీద. సైటు చూసి, నిదానంగా, డాక్టరు రిపోర్టు చదివినట్టు, "ఇది రెస్పాన్సివ్ సైటే మావయ్యా" అన్నాడు. అంటే ఏ తెరకైనా ఒదిగిపోయే సైటట.

ఆ మాటతోనే ఈ వ్యాసం పుట్టింది.

వాడు నాకో పరిశోధన పత్రం పంపాడు. చిన్న తెరకు పేజీ ఎలా ఒదగాలి అన్నది అంశం. రెండు కాలమ్‌ల పీడీఎఫ్. ఫోన్‌లో తెరిస్తే చీమల బారు. పెద్దది చేసి ఎడమ కాలమ్ చదువుకుంటూ కిందికి దిగాలి, మళ్లీ పైకెక్కాలి, కుడికి జరగాలి, మళ్లీ దిగాలి. నాగలి పట్టినవాడు కూడా సాలు చివర ఎద్దుల్ని తిప్పుకుని అక్కణ్ణుంచే దున్నుకొస్తాడు గానీ ప్రతి సాలుకూ పొలం మొదటికి నడిచి రాడు. తెరకు ఒదగడం మీద రాసిన కాగితమే తెరకు ఒదగదు. దీన్ని సమీక్షించి ఆమోదించిన పండితులు ఉంటారు. వాళ్లకు పెద్ద మానిటర్లు ఉంటాయి.

అయినా చదివాను, కోపం ఉంటే ఏదైనా చదవొచ్చు. ఈథన్ మార్కాట్ అనే ఆయన 2010 మే 25న "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అనే పేరు పెట్టాడు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గళ్లను పిక్సెళ్లలో, అంటే తెర మీది చుక్కల లెక్కలో కాకుండా శాతాల్లో కొలవండి, బొమ్మల్ని గడికి తగ్గట్టు కుదించండి, తెర వెడల్పు అడిగి తెలుసుకుని అమరిక మార్చండి. మూడే మూడు. భాగహారం కూడా ఆయనే చేసి చూపించాడు, గడి వెడల్పును దాన్ని మోస్తున్న పెట్టె వెడల్పుతో భాగించమని.

మా క్యాలెండర్‌లో ఒక్కో గడి 60 పిక్సెళ్లు. ఏడు గళ్లకు 420. అత్తయ్య ఫోన్ వెడల్పు 360. తేడా 60. సరిగ్గా ఒక్క రోజు గడి. 60ని 420తో భాగిస్తే 14.28 శాతం చిల్లర. అరవై బదులు ఆ అంకె రాసి ఉంటే ఏడు రోజులూ కాస్త కాస్త సర్దుకుని కూర్చునేవి, బస్సులో మనం కూర్చోమూ? 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పక్కకు జరపకుండానే చదవగలగాలని వెబ్ ప్రమాణాలు 2018లో చెప్పాయి. అసలు క్యాలెండరే అక్కర్లేదు. ఎవరికైనా తన పుట్టిన తేదీ తెలిసే ఉంటుంది, రోజుకో పెట్టె, నెలకో పెట్టె, ఏడాదికో పెట్టె ఇస్తే టైపు చేసుకుంటారని బ్రిటన్ ప్రభుత్వం తన సైట్లకు నియమం పెట్టుకుంది. మూడు పెట్టెలు! తొమ్మిది వందల నొక్కులకు బదులు ఎనిమిది అంకెలు.

"మరి ఫోన్‌లో చూసుకోలేదట్రా?" అని మేనల్లుణ్ణి అడిగాను. చూస్తారట. ఏసీ గదిలో పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని తెర మీది కిటికీ (విండో) అంచు పట్టుకుని లోపలికీ బయటికీ లాగుతారట, హార్మోనియం తిత్తి లాగినట్టు. పేజీ ముడుచుకుంటే రెస్పాన్సివ్. భజన పూర్తి.

మా ఊరి రాజావారు 1900లో నౌపడా నుంచి ఇక్కడికి చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులు. దాని మీద నడవడానికి దానికి సరిపడే బోగీలే కట్టించారు. పెద్ద బోగీ తెచ్చి పెట్టి, పట్టాల బయట వేలాడుతున్నవాళ్లను నువ్వు పుట్టలేదు పొమ్మనలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిందీ ఈ ఊళ్లోనే. సవరల నోట సవర నేర్చుకుని వాళ్లకు వాచకాలు రాశాడు. పుస్తకం మనిషి నోటికి తగ్గట్టుండాలి గానీ నోరు పుస్తకానికి తగ్గట్టు వంకర పోకూడదని పండితులతో జీవితమంతా పోట్లాడాడు. ఆయనకు పిక్సెల్ తెలీదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. నవ్వు రాని సంగతి ఒకటుంది. మూడోసారి కూడా కానప్పుడు అత్తయ్య ఫోన్ కేసి చూసి మెల్లగా అంది, "నాదే తప్పులేరా, నాకు సదువు రాదు గదా." ఆవిడ తప్పట! అరవై ఏళ్లు ఒళ్లు వంచి పనిచేసిన మనిషి, సొంత పుట్టినరోజు సరిగ్గా చెప్పిన మనిషి, ఎవడో భాగహారం చేయనందుకు తెల్లవారుజామున నాలుగింటికి ఒక పనికిమాలిన గాజుపలకకు క్షమాపణ చెప్పింది. ఆఫీసుకు వెళ్తే కౌంటరు దగ్గరా అదే మాట, "లాప్‌టాప్‌లో చేయండి, ఫోన్‌లో మీకు చేతకాదు." చేతకానిది ఎవరికి? ఫోన్‌కు మెసేజ్ పంపింది మీరు. లింకు ఇచ్చింది మీరు. ఈ ఊళ్లో అరవై దాటిన ఎంతమంది ఆడవాళ్ల దగ్గర లాప్‌టాప్ ఉందో ఎప్పుడైనా గుమ్మం దిగి చూశారా? తెర ఎంత వెడల్పో అడగడం వచ్చిన మీకు, ఆ తెర పట్టుకున్నది ఎవరో అడగాలని ఒక్కడికైనా తోచలేదు. సిగ్గులేని పని ఇది, దానికి రెస్పాన్సివ్ అని ముద్దుపేరు.

చివరికి బజారులో నెట్ షాపుకు తీసుకెళ్లాను. పెద్ద మానిటరు. వారంలో ఏడు రోజులూ నిక్షేపంగా ఉన్నాయి. కుర్రాడు పావుగంటలో ఫారం నింపి యాభై రూపాయలన్నాడు. ఎందుకురా అంటే "ఫోన్‌లో అవదు కదండీ, అందుకే మా షాపు నడుస్తోంది" అన్నాడు. ఈ మొత్తం వ్యవస్థలో నిజాయితీగా మాట్లాడినవాడు వాడొక్కడే. ఇచ్చేశాను.

అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు. "బాబూ, ఆ బాణం నొక్కుకుంటూ 1970 మే దాకా ఎల్లు. ఆ పేజీ కాయితం మీద తియ్యి." ప్రింటు పది రూపాయలు. పింఛను రసీదు మడిచి సంచీలో వేసుకుని, ఆ కాయితం మాత్రం నలగకుండా రెండు చేతులా పట్టుకుని తోటికోడలింటికి బయల్దేరింది. ప్రింటులో కుడి అంచు తెగి శనివారాలు రాలేదు. ఆవిడ పట్టించుకోలేదు. ఆవిడకు కావలసింది లక్ష్మీవారం.