పొదిలి పిల్లాడికి చిన్న ఊరంటే భయమెందుకు?

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే రిటైర్డ్ టీచరు ఒకాయన పోయిన నెల రెండు ఆఫర్ లెటర్లు పట్టుకొని వచ్చారు. కొడుక్కి ఆస్ట్రేలియాలో రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి మహానగరం సిడ్నీ, ఇంకొకటి టూవూంబా అనే చిన్న ఊరు. అబ్బాయికి ఇష్టమైన కోర్సు టూవూంబాలోనే ఉంది, ఫీజు తక్కువ, ఇంటి అద్దె ఇంకా తక్కువ. అయినా ఇంటిల్లిపాదీ సిడ్నీకే ఓటేశారు. ఎందుకని అడిగితే ఆయన దాచుకోకుండా చెప్పారు. "టూవూంబా అంటే ఎవరికి తెలుసు సార్? రేపు సంబంధాలు చూసేటప్పుడు, అబ్బాయి యాడుండాడంటే ఏం చెప్పాల?"

ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోలేదు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి విదేశాలకు వెళ్లే పిల్లల్లో చాలామంది పుట్టి పెరిగింది కావలిలోనో, కనిగిరిలోనో, పొదిలిలోనో, ఉదయగిరి పక్క పల్లెలోనో. అలాంటి పిల్లలు బయటి దేశంలో స్థిరపడాలనుకుంటే ముందు చూడాల్సింది చిన్న ఊళ్లనే అని నా గట్టి నమ్మకం.

వీసా లెక్కలు పిల్లలకే నాకన్నా బాగా తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ పోగా మిగతా దేశమంతా వలస నిబంధనల్లో 'రీజినల్' కిందికే వస్తుంది. వలస వచ్చేవాళ్లను అక్కడ పాయింట్లు వేసి ఎంచుకుంటారు. రీజినల్ ప్రాంతాల్లో ఉండేవాళ్ల కోసం 2019 నవంబరులో తెచ్చిన 491 అనే తాత్కాలిక వీసాకు రాష్ట్రం నామినేట్ చేస్తే 15 పాయింట్లు కలుస్తాయి. రాష్ట్రమే నామినేట్ చేసే 190 అనే శాశ్వత వీసాకు కలిసేవి 5 మాత్రమే. రీజినల్ ప్రాంతంలో రెండేళ్లు చదివితే ఇంకో 5 వస్తాయి. కెనడా పాయింట్ల లెక్క వేరు, అక్కడ ప్రావిన్స్ (రాష్ట్రం) నామినేషన్ దొరికితే ఏకంగా 600 పాయింట్లు. 2025లో అక్కడ మొదలుపెట్టిన గ్రామీణ పైలట్ పథకంలో థండర్ బే, బ్రాండన్, మూస్ జా లాంటి ఊళ్లున్నాయి. అమెరికాలో యూనివర్సిటీలు హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీతో పని లేకుండా మనుషుల్ని తీసుకోవచ్చు, వాటిలో ఎన్నో చిన్న ఊళ్లలోనే ఉన్నాయి. శిక్షణ కోసం జె1 వీసా మీద వెళ్లిన డాక్టరు, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే, రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలన్న షరతు నుంచి మినహాయింపు పొందొచ్చు. కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది దాకా ఆ అవకాశం ఉంది. అక్కడ మనిషి అవసరం ఉంది కాబట్టే పిలుస్తున్నారు. అవసరం ఉన్నచోటికి వెళ్లిన మనిషికి విలువ ఉంటుంది.

చిన్న ఊరు అనగానే మనవాళ్లకు అడవి గుర్తొస్తుంది. బ్రాండన్ జనాభా 50 వేల పైచిలుకు, అంటే దాదాపు మన కందుకూరంత. థండర్ బే కావలి కన్నా కాస్త పెద్దది, టూవూంబా ఒంగోలు కన్నా చిన్నది, మూస్ జా ఇంచుమించు పొదిలంత. థండర్ బేలో, బ్రాండన్‌లో, టూవూంబాలో యూనివర్సిటీలే ఉన్నాయి. పొదిలిలో పద్దెనిమిదేళ్లు హాయిగా పెరిగిన పిల్లాడు పొదిలంత ఊరిని చూసి జంకడమేంటి?

అసలు మన పిల్లాడి దగ్గరున్న పెద్ద ఆస్తి ఏమిటో మనమే గుర్తించడం లేదు. కనిగిరిలో పెరిగినవాడికి మందుల షాపాయనతో, ఆర్టీసీ కండక్టరుతో, బ్యాంకు గుమస్తాతో ఎలా మాట కలపాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఎదురొచ్చిన మనిషిని పలకరించకుండా పోవడం వాడికి చేతకాదు. కోటిమంది ఉండే నగరంలో ఆ గుణం ఎవరికీ అక్కర్లేదు, లిఫ్టులో పలకరిస్తే వింతగా చూస్తారు. లక్షమంది ఉండే ఊళ్లో మాత్రం ఆ గుణమే ఉద్యోగం చూపిస్తుంది, ఇల్లు చూపిస్తుంది.

మా మేనకోడలిది కావలి. నర్సుగా ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని బెండిగోకు వెళ్లింది. వెళ్లిన కొత్తలో కారు లేదు, తెల్లవారుజామున డ్యూటీ. తోటి నర్సు ఒకామె రెండు నెలలపాటు రోజూ ఇంటి ముందు కారాపి ఎక్కించుకుపోయింది. ఆ రుణం తీర్చుకోవాలని మా పిల్ల ఒక ఆదివారం చేపల పులుసు పెట్టింది. అక్కడ బర్రముండి అని అమ్మేది మన పండుగప్పే. చింతపండు సంచిలో తీసుకెళ్లింది, మామిడికాయే దొరకలేదు. పుల్లటి పచ్చ ఆపిల్‌ను చెక్కు తీయకుండా నాలుగు ముక్కలు చేసి, పులుసు తెర్లేటప్పుడు వేసింది. సగం పులుసు తోటి నర్సుకు, మిగతాది పక్కింటి ముసలావిడకు. మర్నాడు గిన్నె తిరిగొచ్చింది, దాని నిండా పెరటి నిమ్మకాయలు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్న మన అమ్మల పద్ధతి అక్కడా ఉందని ఫోన్లో చెప్తూ ఆ పిల్ల ఏడ్చింది. "ఇంక నాకేం టెన్షన్ లేదు మామా" అంది.

అదే ఏడాది ఒంగోలు దగ్గర పల్లె నుంచి మా బంధువుల అబ్బాయి కెనడా వెళ్లాడు. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్, ఆరుగురు కుర్రాళ్లు, ఒకటే వంటిల్లు. మూడేళ్లున్నాడు. ఆ మూడేళ్లలో ఒక్క కెనడా మనిషి ఇంట్లో కూడా అడుగు పెట్టలేదు. ఇంగ్లిష్ ఇక్కడి నుంచి ఎంత తీసుకెళ్లాడో అంతే ఉంది, ఎందుకంటే చుట్టూ తెలుగే. పిల్లాడు మంచివాడు, కష్టపడ్డాడు. కానీ తనలాంటివాళ్లు వేలమంది ఉన్నచోట అదే ఉద్యోగానికి, అదే గదికి పోటీపడుతూ అలిసిపోయాడు.

ఎదుటి వాదన నాకు తెలియకపోలేదు. ఉద్యోగం పోతే చిన్న ఊళ్లో రెండోది వెంటనే దొరకదు. భార్యాభర్తలిద్దరికీ పని దొరకడం కష్టం. గుడి దూరం, కందిపప్పు కోసం గంటలకొద్దీ డ్రైవింగ్, బ్రాండన్ ఉన్న మానిటోబా ప్రావిన్స్ చలి మామూలు చలి కాదు. ఒంటరితనం మనిషిని కుంగదీస్తుంది. ఇవన్నీ నిజాలే. కొన్ని రకాల సాఫ్ట్‌వేర్ పనులు పెద్ద నగరంలోనే ఉంటాయి, ఆ పని చేసేవాళ్లు అక్కడికే వెళ్లాలి. కానీ నర్సులు, డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు, ఎలక్ట్రీషియన్లు కూడా వాళ్ల వెంటే పరిగెత్తడంలో అర్థం లేదు. ఇక ఒంటరితనమంటారా, ఆ బేస్‌మెంట్‌లో ఆరుగురి మధ్య మా అబ్బాయి పడింది అదే.

ఒంగోలు వాళ్లకు ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. మతం సంగతి పక్కన పెట్టి, వలస వచ్చిన మనిషిగానే ఆయన్ను చూద్దాం. తెలుగు నేర్చుకున్నాడు. 1876-78 కరువులో జనం ఆకలితో చస్తుంటే, బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వే కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి డబ్బులు అందేలా చేశాడు. ఆయనే మద్రాసులో ఉండిపోయి ఉంటే వందలమంది తెల్లవాళ్లలో ఒకడయ్యేవాడు. ఒంగోలుకు ఆయన అవసరమొచ్చింది, ఆయనకు ఒంగోలు ఊరైంది. నూటయాభై ఏళ్లు దాటినా ఆ పేరు ఇక్కడ వినిపిస్తూనే ఉంది.

ఇంత చెప్పినా మళ్లీ ఆ టీచరు గారి మాట దగ్గరికే రావాలి. మన చిక్కు వీసాల్లో లేదు, పెళ్లిళ్ల పేరయ్య నోట్లో ఉంది. డాలస్ అంటే ఒక రేటు, సిడ్నీ అంటే ఒక రేటు, పేరు తెలియని ఊరంటే "ఏమో, సరిగ్గా సెటిలైనట్టు లేడు" అనే గుసగుస. ఈ జబ్బు విదేశాలతో మొదలవలేదు. హైదరాబాదులో ఇరుకు ఫ్లాట్‌లో ఉండేవాడు గొప్పవాడు, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నవాడు "ఇక్కడే ఉండిపోయాడు పాపం". మార్కాపురంలో మంచి టీచరు నిలవడు, కనిగిరి ఆస్పత్రికి స్పెషలిస్టు రాడు. చిన్న ఊళ్లో ఉండటం ఓడిపోవడమని మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ నూరిపోసింది మనమే. ట్రంక్ రోడ్డు నుంచి బైపాస్ దాకా కన్సల్టెన్సీ హోర్డింగులు చూడండి, ఒక్కదాని మీదైనా చిన్న ఊరి బొమ్మ ఉందా? మనం పుట్టిన ఊరి సైజును చూసి మనమే సిగ్గుపడుతున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

టీచరు గారు మొన్న మళ్లీ వచ్చారు. అబ్బాయి టూవూంబాలో చదువుతున్న సీనియర్ ఒకరితో గంటసేపు మాట్లాడాడట. ఇంట్లో ఆమె ఇంకా ఒప్పుకోలేదట, ఫీజు కట్టడానికి వారమే గడువుంది. కాఫీ తాగి లేస్తూ గుమ్మం దగ్గర ఆగారు. "ఆ ఊరు కొండ మీద ఉందంటగా సార్, చలెక్కువట. స్వెట్టర్లు ఈడే కొనేదా, ఆడికి పొయ్యాక కొనుక్కోమందామా?"