స్టేషన్‌కి ఎవరూ రావద్దు

ఈ వేసవిలో విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో చాలా ఇళ్ల నుంచి పిల్లలు ఇండియాకి, హైదరాబాద్ వెళ్తారు. కాలేజీ చదువు అయిపోయినవాళ్లు, ఉద్యోగంలో చేరబోయేవాళ్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి బాబాయో మావయ్యో కారుతో సిద్ధంగా ఉంటారు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి మీదుగా ఏ కొండాపూర్ అపార్ట్‌మెంట్‌కో తీసుకెళ్తారు. ఆ తర్వాత పెళ్లి, షాపింగ్, బిర్యానీ, ఒక రోజు చార్మినార్, ఒక రోజు గోల్కొండ. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "బాగుంది, ట్రాఫిక్ ఎక్కువ" అంటారు. అంతకు మించి చెప్పడానికి వాళ్లకేం మిగలలేదు. ఊరంతా కారు అద్దంలోంచే కదా చూశారు.

ఇరవై దాటిన పిల్లల్ని ఒక్కసారైనా హైదరాబాద్‌కి రైల్లో, ఒంటరిగా రానివ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్టేషన్‌కి చుట్టాలెవరూ వెళ్లకూడదు.

2008లో మొదలైన శంషాబాద్ ఎయిర్‌పోర్టు మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ అక్కడ ఎవరినీ ఏమీ అడగాల్సిన పని పడదు. మిగతా ఎయిర్‌పోర్టుల్లో చూసిన బోర్డులే అక్కడా ఉంటాయి. ఒక్క తెలుగు మాట లేకుండా బయటికి వచ్చేయొచ్చు. మన పిల్లలు ఏళ్ల తరబడి ఆదివారం తెలుగు తరగతులకు వెళ్లి వేమన పద్యాలు అప్పజెప్పారు. ఆ తెలుగుతో దారి కనుక్కునే అవసరం, బేరమాడే అవసరం వాళ్లకు ఎప్పుడు వచ్చింది? మనం రానిచ్చామా?

బెజవాడలో పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా సికింద్రాబాద్. సుమారు 350 కిలోమీటర్లు. ఖమ్మం చుట్టుపక్కల మిరప చేలు, పత్తి చేలు. డోర్నకల్ దగ్గర సింగరేణి బొగ్గు మోసుకెళ్లే గూడ్సు బళ్లు. వరంగల్ వచ్చేసరికి ఎక్కేవాళ్ల యాస మారిపోతుంది. జనగామ దాటాక చేల మధ్య పెద్ద పెద్ద బండరాళ్లు లేచి నిలబడతాయి. భువనగిరిలో ఏకంగా ఒకే బండ మీద కోట. ఘట్‌కేసర్ నుంచి ప్లాట్లు, కొత్త ఇళ్లు, తర్వాత చర్లపల్లి, ఆపైన మౌలాలి గుట్ట. జూబ్లీహిల్స్‌లో ఇళ్ల మధ్య ఇంకా మిగిలిన రాళ్లు ఈ నేలవేనని, ఊరు వాటిని పగలగొట్టుకుంటూ పెరిగిందని దారంతా చూసిన పిల్లకి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. విమానంలో వచ్చిన పిల్లకి ఆ రాళ్లు ఉత్త రాళ్లే.

ఇక రైలు పెట్టెలో మనుషులు. "ఎందాకమ్మా? ఒక్కదానివేనా? మీదే ఊరు? నాన్నగారు ఏం చేస్తారు?" ఇక్కడ పెరిగిన పిల్లలకు ఇవి అడగకూడని ప్రశ్నలు. అక్కడ అదే పలకరింపు. నచ్చినదానికి జవాబు చెప్పడం, నచ్చనిదాన్ని నవ్వుతూ దాటేయడం, పెట్టిన జామకాయ ముక్క తీసుకోవాలో వద్దో తేల్చుకోవడం, ఇవన్నీ వాళ్లంతట వాళ్లే నేర్చుకోవాలి. పక్కన అమ్మ ఉంటే ఆ జవాబులన్నీ అమ్మే చెబుతుంది.

పోయినేడాది మా అమ్మాయి అలాగే వెళ్లింది. సికింద్రాబాద్‌లో దిగి మెట్రో ఎటని ఒక చాయ్ దుకాణంలో తెలుగులో అడిగితే హిందీలో జవాబు వచ్చిందట. హైదరాబాద్‌లో అది మామూలే. తను మళ్లీ తెలుగులోనే అడిగింది, అతనూ తెలుగులోకి వచ్చాడు. బయట ఆటోవాళ్లు చుట్టుముడితే ఒకతను చెప్పిన రేటు విని, వద్దన్నా అని నడుచుకుంటూ సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌కి వెళ్లిపోయింది. అమీర్‌పేటలో లైను మారి కేపీహెచ్‌బీలో దిగింది. ఇదంతా నాకు ఫోన్లో చెబుతున్నప్పుడు ఆ గొంతులో ఉన్న ధీమా అంతకుముందు ఏ ఇండియా ట్రిప్పులోనూ వినలేదు. తర్వాత సుల్తాన్ బజార్‌కి, నాంపల్లికి తనే వెళ్లొచ్చింది, ఎవరి కారూ అడగలేదు.

ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపుతామని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే, దాన్ని కొట్టిపారేయను. మొదటిసారి రాత్రి బండి వద్దు. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ అంటే మన తరానికి ప్రాణమే, 1974 నుంచి నడుస్తున్న బండి. కానీ అది హైదరాబాద్‌లోకి వచ్చేది తెల్లవారుజామున. విశాఖ నుంచి రావాలంటే పొద్దున బయల్దేరే వందే భారత్ ఉంది, వెలుతురుండగానే దింపుతుంది. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల కోసం రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) 2020 నుంచి 'మేరీ సహేలీ' నడుపుతోంది. బండి బయల్దేరే చోటే మహిళా సిబ్బంది వచ్చి మాట్లాడతారు. రైల్వే హెల్ప్‌లైన్ నంబరు 139. నగరంలో 2014 నుంచి ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి. ఇవి ఉన్నంత మాత్రాన భయం పూర్తిగా పోదు. అయితే ఇదే పిల్ల ఇక్కడ పరాయి నగరంలో ఒంటరిగా గది అద్దెకు తీసుకుని ఉంటోంది, అర్ధరాత్రి లైబ్రరీ నుంచి నడిచొస్తోంది. అప్పుడు నమ్మినవాళ్లం అమ్మమ్మ ఊరి దగ్గరికొచ్చేసరికి ఎందుకు నమ్మం?

అసలు అడ్డం బంధువులే అని నాకనిపిస్తోంది. "పిల్ల ఒక్కతే వచ్చిందా? మేం చచ్చామా?" అంటారు. మా పెద్ద ఆడపడుచు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడ బాధ నిజమైనదే. చుట్టం వస్తుంటే స్టేషన్‌కి ఎదురెళ్లడం మన దగ్గర మర్యాద, ఎవరూ వెళ్లకపోతే పట్టించుకోలేదని నలుగురూ అంటారు. అందుకని బయల్దేరేముందు ఫోన్ చేసి "వదినా, ఇది నేను అడిగి చేయిస్తున్న పని, మీ లోటేం కాదు" అని మనమే చెప్పాలి. పిల్లల చేత చెప్పించకూడదు. రావద్దన్న మాట పిల్ల నోటి నుంచి వస్తే పొగరనుకుంటారు.

టిక్కెట్ల సంగతి కాస్త ముందే చూసుకోవాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ తప్పనిసరి. మన పిల్లల్లో చాలామందికి ఆధార్ ఉండదు కాబట్టి తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. బండి ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. 1874 నాటి సికింద్రాబాద్ స్టేషన్‌ని ఇప్పుడు కొత్తగా కడుతున్నారు, అందుకే కొన్ని బళ్లను 2025లో తెరిచిన చర్లపల్లి టెర్మినల్‌కి మార్చారు. అక్కడ మెట్రో లేదు. కొత్తవాళ్లకు సికింద్రాబాదే నయం.

మన సంఘం ఏటా యువజన యాత్ర వేస్తుంది. ఏసీ బస్సు, గైడు, హోటలు, అంతా పకడ్బందీగా ఉంటుంది. వచ్చే యాత్రలో బెజవాడ నుంచి హైదరాబాద్ దాకా బస్సు తీసేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇష్టమున్న పిల్లలకు ఎవరి టిక్కెట్టు వాళ్లకి, వేర్వేరు బళ్లలో కొని ఇవ్వండి. సాయంత్రం ఆరింటికి నాంపల్లిలో కలవమనండి. ఎలా రావాలో వాళ్లనే చూసుకోమనండి. వచ్చే సమావేశంలో ఈ విషయం నేను లేవనెత్తుతాను. ఒప్పుకోని తల్లిదండ్రులు కూడా వచ్చి వాళ్ల భయాలేమిటో అక్కడే చెప్పాలి.