డబ్బు లేదని ముందే చెప్పొచ్చుగా!

ఏటీఎం ముందు నిలబడితే నాకు ఓపిక పరీక్షే. కార్డు పెట్టాలి, భాష ఎంచుకోవాలి, పిన్ కొట్టాలి, ఖాతా రకం చెప్పాలి, మొత్తం నొక్కాలి. అన్నీ అయ్యాక, గిర్రుమని ఏదో తిరిగిన చప్పుడు వినిపించాక, తీరిగ్గా చెబుతుంది: నగదు లేదు! ఆ ముక్క మొదటి తెరమీదే పెడితే ఏం పోయింది? ఏ నోట్లు ఉన్నాయో కూడా అక్కడే చూపిస్తే ఇంకా మేలు.

భాష సంగతి మరీ విడ్డూరం. ఏళ్ల తరబడి అదే కార్డు, అదే భాష. అయినా ప్రతిసారీ కొత్త చుట్టాన్ని అడిగినట్టు అడుగుతుంది. ఒకసారి చెబితే గుర్తు పెట్టుకోలేదా?

ఇక పక్క బటన్లు. తెరమీది గీత రెండు బటన్ల మధ్యకి చూపిస్తుంది. తెర అద్దం వెనక లోతుగా ఉంటుంది కాబట్టి, పొడుగు మనిషికి ఒకటి, పొట్టి మనిషికి ఇంకోటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. నేను ‘బ్యాలెన్స్’ అనుకుని నొక్కింది ‘పిన్ మార్పు’! టచ్ స్క్రీన్ ఉన్నచోట ఈ బాధ లేదు, కానీ ఎండ పడితే అక్కడ నా మొహం తప్ప ఏమీ కనబడదు.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. చాలా మిషన్లు ముందు కార్డు ఇచ్చి, తర్వాతే డబ్బు ఇస్తాయి. డబ్బు చేతికొస్తే పని అయిపోయిందని కార్డు మరిచిపోతాం కదా. మనిషి బుర్ర తెలిసినవాళ్లెవరో ఆలోచించిన పని అది. మిగతా తెరలు కూడా వాళ్లకే అప్పగించాల్సింది.