సావో పాలో చూడాలంటే జపాన్ తిండి తినాల్సిందే

బ్రెజిల్ టూర్ అనగానే మనవాళ్ల లిస్టు దాదాపు ఒకేలా ఉంటుంది. రియోలో క్రీస్తు విగ్రహం, కోపకబానా బీచ్, వీలైతే ఇగ్వాసు జలపాతం. సావో పాలో దగ్గరికి వచ్చేసరికి అది విమానం మారే ఊరు, లేదంటే ఆఫీసు పని మీద వెళ్లి హోటల్ గదిలో పడుకుని వచ్చేసే ఊరు. సముద్రం లేదు, కొండ మీద విగ్రహం లేదు, ఎటు చూసినా మేడలే, అక్కడ చూడ్డానికేముంది అంటారు. చాలా ఉంది. టూరిస్టు బస్సు ఎక్కితే అది కనబడదు, అంతే. అక్కడి జపాన్ తిండి వెంట పడి నడవండి. ఆ నగరం ఎవరి చెమటతో పెరిగిందో, ఎవరిని అక్కరకు వాడుకుని తర్వాత తరిమిందో, ఎవరిని పూర్తిగా మరిచిపోయిందో ఇంత సూటిగా చెప్పే దారి ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

నేపథ్యం చాలామందికి తెలిసిందే. జపాన్ బయట జపాన్ మూలాలున్నవాళ్లు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశం బ్రెజిల్, దాదాపు 20 లక్షల మంది, అందులో ఎక్కువమంది సావో పాలో రాష్ట్రంలోనే. 1888లో బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేశాక కాఫీ తోటల యజమానులకు కూలీల కొరత వచ్చింది. ఇటలీ నుంచి రప్పించుకున్నారు. తోటల్లో తమవాళ్లు పడుతున్న బాధలు చూసి ఇటలీ ప్రభుత్వం 1902లో ఉచిత టికెట్ల వలసకు అడ్డుకట్ట వేసింది. అప్పుడు తోటల యజమానుల చూపు జపాన్ మీద పడింది. 1908 జూన్ 18న కసాతో మారు అనే ఓడ 781 మంది ఒప్పంద కూలీలతో సాంతోస్ రేవుకు చేరింది. నాలుగు డబ్బులు వెనకేసుకుని కొన్నేళ్లలో సొంతూరికి వెళ్లిపోదామని వచ్చినవాళ్లే వాళ్లంతా. అనుకున్న కూలీ దక్కలేదు, చాలామంది తోటలు వదిలేసి పారిపోయారు. వాళ్లలో కొందరు సావో పాలో నగరంలో కోండె దె సర్జెదాస్ అనే వీధికి చేరి, అద్దె తక్కువని ఇళ్ల కింద నేలమాళిగ గదుల్లో తలదాచుకున్నారు. ఈరోజు ఎర్ర దీపాల స్తంభాలతో, పెద్ద తోరణంతో ఫొటోల్లో కనిపించే లిబెర్దాజీ పేట అలా మొదలైంది.

ఇక తిండి సంగతి. చాలామంది లిబెర్దాజీ వెళ్లి సుషీతో మొదలుపెడతారు. నా మాట వింటే ముందు పస్తేల్ తినండి. నగరంలో ఏ పేటలోనైనా వారానికోసారి వీధి సంత పెడతారు, అక్కడ నూనె మూకుడు దగ్గర జనం మూగి ఉంటే అది పస్తేల్ అంగడే. పల్చగా వత్తిన పిండిని మడిచి, అంచులు నొక్కి, మరిగే నూనెలో జారవిడిస్తే క్షణాల్లో పొంగి ఒళ్లంతా బుడగలు లేస్తాయి. కజ్జికాయలు చేసే ఇంట్లో పెరిగినవాళ్లు ఆ మడతని, ఆ అంచుని చూడగానే గుర్తుపడతారు, కాకపోతే ఇది అరచేయి కంటే పెద్దది, లోపల ఉండేది కారం సరుకు. కీమా ఉంటుంది, చీజ్ ఉంటుంది, మాంసం తినని వాళ్లకు పల్మీతో, అంటే ఈతమొవ్వు లాంటి లేత మొవ్వు ఉంటుంది. కాగితంలో పెట్టి చేతికిస్తారు. మూల కొరికి లోపలి ఆవిరి పోనివ్వాలి, తొందరపడితే నాలుక కాలుతుంది. పక్కనే చెరుకు రసం బండి, నిమ్మకాయో పైనాపిలో కలిపి ఇస్తారు.

దీన్ని సావో పాలో వాళ్లు తమ సొంత తిండి అనే అంటారు, అందులో తప్పేం లేదు. కానీ ఈ వేపుడు వెనక భయం ఉంది. చైనా వాళ్ల వంటకాన్ని కొద్దిగా మార్చి సంతల్లోకి తెచ్చింది జపాన్ కుటుంబాలని, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్లమని తెలిస్తే బతకనివ్వరని చైనా వాళ్లమని చెప్పుకుని ఈ అంగళ్లు నడిపారని అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ భయం ఊరికే రాలేదు. యుద్ధంలో బ్రెజిల్, జపాన్ ఎదురెదురు పక్షాల్లో నిలిచాయి. జపాన్ భాషా పత్రికలు మూయించారు, బడులు మూయించారు, నలుగురిలో ఆ భాష మాట్లాడటమే నేరం చేశారు. 1942లో ఆ కోండె దె సర్జెదాస్ వీధిలోని కుటుంబాలను ఖాళీ చేయించారు. 1943లో సాంతోస్‌లో ఉన్న వేలాది మందిని 24 గంటల్లో ఊరు వదలమన్నారు. వాళ్ల ఓడ వచ్చి ఆగిన రేవు, తర్వాత పీలే ఆడిన సాంతోస్ కూడా అదే. దీనికి బ్రెజిల్ ప్రభుత్వ కమిషన్ అధికారికంగా క్షమాపణ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2024 జూలైలో.

ఇది తెలిశాక ఇబిరాపుయెరా పార్కుకు వెళ్లండి. చెరువు పక్కన చెక్కతో కట్టిన జపాన్ మందిరం ఉంటుంది, క్యోటోలోని కత్సురా రాజభవనం నమూనాలో. నగరానికి నాలుగు వందల ఏళ్లు నిండిన 1954లో జపాన్ ప్రభుత్వం, ఇక్కడి జపాన్ సంతతి కలిసి ఇచ్చిన కానుక అది. తమను వీధుల్లోంచి తరిమిన నగరానికి పుష్కరం తిరిగేసరికే ఇలాంటి కానుక ఇచ్చారంటే, తమను తమవాళ్లుగా ఒప్పుకోమని వాళ్లు ఎంత తపించారో అర్థం చేసుకోవాలి. గైడ్లు మాత్రం చెక్కపని గురించి, చెరువులో రంగు చేపల గురించి చెప్పి వదిలేస్తారు.

జపాన్ తిండి కావాలంటే టోక్యో వెళ్లొచ్చు కదా, బ్రెజిల్ దాకా వెళ్లి సుషీ తినడమేంటి అనేవాళ్లున్నారు. సాల్మన్, క్రీమ్ చీజ్ పెట్టి నూనెలో వేయించిన 'హాట్ రోల్' అసలు సుషీయే కాదంటారు. రుచి పరంగా ఆ వాదనలో కొంత నిజముంది, టోక్యోలో చేయి తిరిగిన సుషీ మాస్టర్ ముందు దాన్ని పెట్టలేం. కానీ అసలు, నకలీ అనే ఈ కొలబద్దతో వలస తిండిని కొలవడమే పొరపాటు. వలస వెళ్లినవాళ్లు దొరికిన సరుకుతో వండుకుంటారు, కొనేవాళ్ల నాలుకకు తగ్గట్టు మారుస్తారు, లేకపోతే అంగడి నడవదు. సాకే అంటే జపాన్ వాళ్ల బియ్యపు మద్యం, దానిలో నిమ్మకాయ, చక్కెర దంచి బ్రెజిల్ వాళ్ల కాయ్‌పిరిన్యా పానీయం పద్ధతిలో తాగడం సావో పాలోలో మామూలే. ఆ హాట్ రోల్, ఆ గ్లాసు సావో పాలోకి సొంతం, అందుకే అవి అక్కడే తినాలి, అక్కడే తాగాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. పేటలకు బ్రాండ్ తగిలించే ప్రభుత్వాల జబ్బు గురించి. 2018 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం లిబెర్దాజీ మెట్రో స్టేషన్ పేరును 'జపావ్-లిబెర్దాజీ' చేసింది, జపావ్ అంటే జపానే. వలసకు 110 ఏళ్లు నిండిన సందర్భం, టూరిజం బాగుంటుంది, అందరికీ సంబరం. కానీ ఆ ఎర్ర దీపాలు రాకముందు అక్కడున్నది ఉరికంబం. ఇప్పటి లిబెర్దాజీ కూడలిలోనే ఉరితీసేవాళ్లు. 1821లో జీతం బకాయిల కోసం తిరగబడిన షగీన్యాస్ అనే నల్లజాతి సైనికుడిని అక్కడే ఉరితీశారు. ఉరితాడు తెగిందని, జనం వదిలిపెట్టమని అరిచారని, అయినా చంపేశారని ఆ ఊరంతా చెప్పుకుంటుంది. ఆ పక్కనే అఫ్లీతోస్ శ్మశానం, బానిసలను, దిక్కులేనివాళ్లను పాతిపెట్టిన చోటు. స్టేషన్ పేరు మార్చిన ఏడాదే, డిసెంబర్‌లో, అక్కడ పాత భవనం కూల్చిన స్థలంలో తవ్వితే తొమ్మిది మంది ఎముకలు బయటపడ్డాయి. శ్మశానం మీద నగరం కట్టేసుకుంది, మిగిలింది సందు చివర చిన్న అఫ్లీతోస్ ప్రార్థనా మందిరం. ఇప్పటికీ జనం అక్కడికొచ్చి షగీన్యాస్‌కు కోరికలు చీటీల మీద రాసి పెట్టి, చెక్క తలుపు తట్టి వెళ్తారు.

ఈ రెండు చరిత్రలూ వేరు వేరు అనుకుంటే అంతకంటే పొరపాటు లేదు. బానిసలకు విముక్తి వచ్చింది కాబట్టే కాఫీ తోటలకు కొత్త చేతులు కావాల్సి వచ్చింది, అందుకే కసాతో మారు వచ్చింది. మట్టి కింద ఉన్నవాళ్లూ, మట్టి పైన పస్తేల్ వేయించినవాళ్లూ ఒకే కథలో ఒకరి తర్వాత ఒకరు వచ్చినవాళ్లు. ఇది తెలుగువాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం పోయాక మారిషస్ చెరుకు తోటలకు, తర్వాత దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన వాళ్లలో మనవాళ్లున్నారు. మారిషస్‌లో ఈనాటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు. హైదరాబాద్‌లోనూ ఇదే వరస. ఊరంతా యెమెన్ మాంసం అన్నం మండీ పెట్టే హోటళ్లు, వీకెండ్ వస్తే క్యూ. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్ల వారసులుండే బార్కస్‌కు వెళ్లి, ఆ పళ్లెం ఎవరిదో కనుక్కునేవాళ్లు ఎంతమంది?

తిండిని ఇష్టపడినంత తేలిగ్గా మనుషుల చరిత్రను ఏ నగరమూ ఒప్పుకోదు, అడిగి ఒప్పించాల్సిందే. నల్లజాతి సంఘాలు అడిగాయి, వదలకుండా పోరాడాయి. 2023లో ఆ కూడలి పేరులో ఆఫ్రికా, జపాన్ రెండూ చేరాయి. మెట్రో స్టేషన్ బోర్డు మీద మాత్రం జపాన్ ఒక్కటే ఉంది. అది కూడా మార్చాలి, దాంతో జపాన్ కుటుంబాల గౌరవం ఏమీ తగ్గదు. ఈలోపు వెళ్లేవాళ్లు ఆదివారం వెళ్లండి, కూడలిలో సంత ఉంటుంది, యాకిసోబా అనే జపాన్ నూడుల్స్ పెనాలు కాలుతూ ఉంటాయి. ఆ వరుసలో నిలబడే ముందు, కొద్ది నిమిషాల నడకే, ఆ సందు చివరి దాకా వెళ్లి రండి.